సిద్ధార్థుడు ఇల్లు వదలక ముందు

(సూర్యాపేట సభలో చేసిన దామెర్ల రామారావు స్మారకోపన్యాసం పాఠం)



దామెర్ల రామారావు గారు 1897 మార్చి 8న రాజమండ్రిలో పుట్టారు. 1925 ఫిబ్రవరి 6న మశూచి ఆయన్ని తీసుకుపోయింది. ఇరవై ఎనిమిదేళ్ళు నిండనే లేదు. నూరు దాటిన నీటిరంగు చిత్రాలు, ముప్పై దాటిన తైలవర్ణ చిత్రాలు, వందల కొద్దీ పెన్సిలు బొమ్మలు, స్కెచ్చి పుస్తకాలు మిగిల్చి వెళ్ళారు. గోదావరి ఒడ్డు చిత్రకారుడి పేరు మీద మూసీ పక్కన సభ ఏమిటని ఒకరిద్దరు నన్ను అడిగారు. ఈ ఉపన్యాసమంతా వాళ్ళకు నా జవాబు.

నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే మాట. పురాణం నుంచి తీసుకుని గీసిన తన మేటి చిత్రాల్లో రామారావు గారు మహిమను పక్కన పెట్టి, మనసు కదిలిన క్షణాన్ని పట్టుకున్నారు. ఆ క్షణాన్ని పట్టడానికి నీటిరంగు ఆయనకు సరిగ్గా ఒదిగిన సాధనం. ఈ రెంటినీ కలిపి చూస్తేనే ఆయన గొప్పతనం అర్థమవుతుంది. దానికి మన చుట్టుపక్కల రాళ్ళూ గోడలూ కూడా సాక్ష్యం చెబుతాయి. అందుకే మొదట మన ఊరి పక్కనే ఉన్న పిల్లలమర్రికి పోదాం.

పిల్లలమర్రి గుళ్ళు మీలో చూడనివాళ్ళు ఉండరు. రేచర్ల నామిరెడ్డి నామేశ్వరాలయం కట్టించాడు. బేతిరెడ్డి భార్య ఎరకసాని పేరున ఎరకేశ్వరాలయం 1208లో వెలిసింది. శివరాత్రికి వెళ్తాం, నల్లరాతి స్తంభాల నునుపు చేత్తో తడిమి చూస్తాం, స్తంభం మీద మన ముఖం కనిపిస్తోందని పిల్లలకు చూపిస్తాం. అక్కడే కాకతీయుల కాలం నాటి రంగుల చిత్రం ఆనవాళ్ళు కూడా ఉన్నాయి. విషయం క్షీరసాగర మథనం. దేవతలు ఒక వైపు, రాక్షసులు ఒక వైపు, మధ్యన పాము. ఎనిమిది వందల ఏళ్ళ కిందట మన నేల మీద ఒక చిత్రకారుడు కుంచె పట్టి పురాణాన్ని గోడకెక్కించాడనడానికి ఈ మరకలే రుజువు. ఓరుగల్లులో చిత్రకారుల ఇళ్ళు 1500 ఉండేవని ఏకామ్రనాథుడి ప్రతాపరుద్ర చరిత్ర చెబుతుంది. క్రీడాభిరామంలో మాచల్దేవి చిత్రశాల ప్రవేశం ఒక ముచ్చటైన ఘట్టం. ఆ ఇళ్ళు లేవు, ఆ చిత్రశాల లేదు. పిల్లలమర్రి రంగు మాత్రం కాస్త మిగిలింది.

ఆ కాకతీయ చిత్రకారుడు ఎంచుకున్నది పురాణంలోకెల్లా పెద్ద దృశ్యం. లోకమంతా చేరి ఒక పని చేస్తున్న దృశ్యం. గుడికి అదే తగింది. మన తెలంగాణలో పురాణాన్ని బొమ్మకట్టే పద్ధతి ఇంకొకటి ఉంది, చేర్యాల నకాషీ వాళ్ళ పటం. బట్టకు చింతగింజల జిగురు, సుద్ద పట్టించి, దాని మీద ఎర్రటి నేలరంగు వేసి, ఒక కులపురాణం మొత్తాన్ని వరసలు వరసలుగా గీస్తారు. కథకులు ఆ పటాన్ని ఊరూరా మోసుకుపోయి, వేలాడదీసి, ఒక్కొక్క గడి చూపిస్తూ రాత్రంతా పాడతారు. పటంలో బొమ్మ ఆగిన చోట పాట అందుకుంటుంది, పాట ఆగిన చోట బొమ్మ చెబుతుంది. ఆ చిత్రకారుడికి ఏ ఘట్టం ఎంచుకోవాలనే బాధ లేదు. అన్నీ గీస్తాడు, మిగతాది గాయకుడు చూసుకుంటాడు.

రామారావు గారి ముందున్నది మూరెడు కాగితం. పక్కన పాడేవాడు లేడు. కథలో వంద ఘట్టాలుంటే తొంభై తొమ్మిదిని వదిలేసి ఒక్కదాన్ని ఉంచుకోవాలి. ఏది ఉంచుకున్నాడన్న దాంట్లోనే చిత్రకారుడి మనసు బయటపడుతుంది. ఆయన ఏవి ఉంచుకున్నారో చూద్దాం.

ఋష్యశృంగుడి కథ మీకు తెలుసు. విభాండక మహర్షి కొడుకు. అడవిలో తండ్రి తప్ప మరో మనిషి మొహం ఎరగకుండా పెరిగాడు. ఆడవాళ్ళనే జాతి ఒకటుందని అతనికి తెలియదు. అవతల అంగరాజ్యంలో రోమపాదుడి తప్పు వల్ల వానలు లేవు. ఋష్యశృంగుడు అడుగుపెడితే వాన కురుస్తుందని పెద్దలు చెప్పారు. రాజు వేశ్యలను పంపాడు. పడవ మీదే ఒక ఆశ్రమం అమర్చుకుని, తండ్రి లేని వేళ చూసి వాళ్ళు వచ్చారు. ఆ పిల్లవాడు వాళ్ళను కూడా మునులే అనుకున్నాడు. అందమైన వింత మునులు. సాయంత్రం తండ్రి వస్తే, ఇవాళ ఒక తపస్వి వచ్చాడు నాన్నా, అతని జడలు ఇలా ఉన్నాయి, మెడలో ఇది వేసుకున్నాడు, చేతిలో ఏదో పండు లాంటిది ఎగరేసి ఆడాడు అని పూసగుచ్చినట్టు చెప్పాడు. మహాభారతం మొత్తంలో ఇంత అమాయకంగా, ఇంత అందంగా ఉన్న మాటలు తక్కువ. తర్వాత వాళ్ళ వెంట వెళ్ళాడు. అంగదేశంలో వాన కురిసింది. రాజకూతురు శాంతను పెళ్ళాడాడు. రామాయణంలో దశరథుడి పుత్రకామేష్టి జరిపించిందీ ఈయనే.

ఇప్పుడు మన జిల్లా వాళ్ళం ఈ కథను ఎలా వింటాం? వాన కోసం వింటాం. వానలు పడకపోతే విరాటపర్వం చదివించిన ఊళ్ళు మనవి. రోకలికి కప్పను కట్టి, వేపాకు చుట్టి, ఇంటింటి ముందూ కప్పతల్లి ఆడి, బిందెలతో నీళ్ళు పోయించుకున్న పిల్లలు ఈ సభలో ముసలివాళ్ళయి కూర్చున్నారు. మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ పొలాలకు సాగర్ ఎడమ కాలువ నీళ్ళు రాకముందు ఆకాశం వంక చూసి బతికిన వాళ్ళకు ఋష్యశృంగుడి కథలో ప్రాణమంతా చివరి వానలో ఉంటుంది. నన్ను గీయమంటే ఆ వానే గీసేవాణ్ణి. మబ్బులు, నెర్రెలిచ్చిన నేల, చేతులెత్తిన జనం. ఏ చిత్రకారుడికైనా అది వాటంగా దొరికే దృశ్యం.

రామారావు గారు వానను ముట్టుకోలేదు. ఆయన చిత్రం పేరు ఋష్యశృంగ బంధనం. అడవిలో పెరిగిన పిల్లవాడి మనసు మొదటిసారి చిక్కుకున్న ఘట్టం. అక్కడ అద్భుతం ఏదీ జరగడం లేదు. దేవతలు పూలు చల్లడం లేదు. ఒక మనిషి తనకు తెలియకుండానే మారిపోతున్నాడు, అంతే. అతనికి తాను చిక్కుకున్నానని తెలియదు, చిక్కించిన వాళ్ళకు తెలుసు, చూస్తున్న మనకు తెలుసు. వాన రాబోతోందని కూడా మనకు తెలుసు. ఆ తెలిసినదాన్ని చిత్రకారుడు గీయకుండా మన మీదే వదిలేశారు. 1922లో కలకత్తాలో జరిగిన ప్రదర్శనలో ఈ చిత్రానికి బహుమతి వచ్చింది. అప్పటికి రామారావు గారికి పాతికేళ్ళు.

ఇంకొక సంగతి చెప్పకపోతే మనసు ఊరుకోదు. ఈ ఋష్యశృంగుడి కథను తెలుగులో మొదట పద్యం కట్టింది నన్నయ, ఆరణ్యపర్వంలో తాను రాసిన భాగంలో. నన్నయ కూర్చుని భారతం రాసింది రాజమహేంద్రవరంలో, రాజరాజనరేంద్రుడి కొలువులో. దాదాపు తొమ్మిది వందల ఏళ్ళ తర్వాత అదే ఊళ్ళో పుట్టిన కుర్రవాడు అదే కథను రంగుల్లో చెప్పాడు. ఆది కావ్యమూ, మన ఆధునిక చిత్రకళలో తొలి మేటి చిత్రాల్లో ఒకటీ ఒకే ఊరి నీళ్ళు తాగి పుట్టాయి. తెలుగు చిత్రకళ చరిత్ర రాసేవాళ్ళు సాహిత్య చరిత్రను పక్కన పెట్టుకుని రాయాలని నేను పట్టుబట్టేది ఇందుకే.

రెండో చిత్రం సిద్ధార్థ రాగోదయం. దీని గురించి మాట్లాడాలంటే మళ్ళీ మన జిల్లాకే రావాలి.

సూర్యాపేట జిల్లా నాగారం మండలంలో ఫణిగిరి ఉంది. ఊరి పక్క గుట్ట మీద బౌద్ధ స్తూపం, విహారాలు. ఇక్ష్వాకుల నాటి చెక్కడాలు. నిజాం జమానాలోనే గుర్తించిన చోటు ఇది. ఇరవై ఒకటో శతాబ్దంలో తవ్వకాలు మళ్ళీ సాగాక సున్నపురాయి తోరణాలు బయటపడ్డాయి. 2023లో న్యూయార్కులోని మెట్రోపాలిటన్ మ్యూజియం తొలి బౌద్ధ శిల్పకళ మీద పెద్ద ప్రదర్శన పెట్టినప్పుడు ఫణిగిరి శిల్పాలు సముద్రం దాటి వెళ్ళాయి. మన గుట్ట రాళ్ళ ముందు ప్రపంచం వరస కట్టి నిలబడింది. ఆ తోరణం మీద చెక్కిన ముఖ్య ఘట్టాల్లో ఒకటి మహాభినిష్క్రమణం. సిద్ధార్థుడు రాత్రివేళ గుర్రమెక్కి ఇల్లు వదిలిపోవడం. అమరావతిలో, నాగార్జునకొండలో కూడా మన శిల్పులకు ఇష్టమైన ఘట్టం ఇది. గిట్టల చప్పుడు ఎవరికీ వినపడకుండా గుర్రం కాళ్ళను యక్షులు చేతుల మీద మోస్తున్నట్టు చెక్కారు. కృష్ణానది లోయలో రాయి పట్టిన ప్రతి శిల్పికీ సిద్ధార్థుడంటే వెళ్ళిపోయినవాడు.

రామారావు గారు అదే సిద్ధార్థుడిలో ఇల్లు వదలక ముందు, చాలా ముందు, మనసులో మొదటి ప్రేమ మొలిచిన ఘడియను తీసుకున్నారు. బుద్ధచరిత చెప్పే పుస్తకాల్లో ఒక అందమైన కథ ఉంది. రాకుమారుడికి సంసారం మీద మనసు పోవడం లేదని తండ్రి బెంగపడి, రాజ్యంలోని కన్నెలందరినీ పిలిచి, కొడుకు చేత నగలు కానుకలుగా ఇప్పించాడు. అమ్మాయిలు ఒకరి తర్వాత ఒకరు వచ్చి, తలెత్తకుండా తీసుకుని పోయారు. ఆఖరున యశోధర వచ్చేసరికి ఇవ్వడానికి ఏమీ మిగల్లేదు. ఆమె మిగతావాళ్ళలా తల దించుకోలేదు. నాకేమీ లేదా అని అడిగింది. అతను తన ఒంటి మీది నగ తీసి ఇచ్చాడు. ఎడ్విన్ ఆర్నాల్డ్ ఆసియా జ్యోతి కావ్యంలో ఈ ఘట్టం ఉంది. ఆ కావ్యాన్ని ఆధారం చేసుకునే తిరుపతి వేంకట కవులు తెలుగులో బుద్ధచరిత్రం రాశారు. రామారావు గారి తరం చదువుకున్న పిల్లలకు బుద్ధుడి కథ ఇలా కవిత్వం దారిన వచ్చిన కథ.

ఈ ఎంపికలో ఎంత ధైర్యం ఉందో ఆలోచించండి. చూసేవాడికి సిద్ధార్థుడు ఏమవుతాడో తెలుసు. ఈ ప్రేమ నిలవదని తెలుసు. ఒక రాత్రి అతను నిద్రపోతున్న ఈ అమ్మాయినీ పసిబిడ్డనూ చూసి గడప దాటతాడని తెలుసు. ఫణిగిరి శిల్పి చెక్కిన ఆ రాత్రి మన మనసులో లేకపోతే ఈ చిత్రం ఒక ప్రేమ కథ బొమ్మ మాత్రమే. ఆ రాత్రి మనసులో ఉంటే మాత్రం చూడటమే కష్టమవుతుంది. త్యాగం ఎంత పెద్దదో తెలియాలంటే వదులుకున్నది ఎంత విలువైనదో ముందు చూపించాలి. రాతి శిల్పి చెప్పిన కథలో సగం ఉంది. మిగతా సగం ఈ నీటిరంగుల్లో ఉంది. ఫణిగిరి చూసిన కళ్ళతో రాజమండ్రి వెళ్ళి ఈ చిత్రం చూడాలని, రాజమండ్రి చూసిన కళ్ళతో ఫణిగిరి గుట్ట ఎక్కాలని నేను అనేది అందుకే.

ఇంత సున్నితమైన చూపు ఆయనకు ఎక్కడ పట్టుబడింది? కొంత పుట్టుకతో వచ్చింది, ఎక్కువ భాగం ఒక గురువు వల్ల వచ్చింది. రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే. ఇంగ్లీషు పాఠం చెప్పే దొర, తానూ బొమ్మలు వేసేవాడు, కవిత్వం రాసేవాడు. రామారావు, అడివి బాపిరాజు, కవికొండల వెంకటరావు ఆయన చుట్టూ పెరిగారు. ఈ కుర్రాడి చెయ్యి చూసి కూల్డ్రే మామూలు చదువు మాన్పించి బొంబాయి జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌కు పంపించారు. 1916లో అక్కడ ప్రిన్సిపాల్ సిసిల్ బర్న్స్ ఆయన బొమ్మలు చూసి నేరుగా పై తరగతిలోకి తీసుకున్నారని చెబుతారు. కూల్డ్రే తన శిష్యుణ్ణి అజంతాకు తీసుకెళ్ళాడు. అజంతా అప్పుడు నిజాం రాజ్యంలో ఉంది. సూర్యాపేట, మిర్యాలగూడ కూడా అదే రాజ్యం. హైదరాబాదు సర్కారు 1914లో పురావస్తు శాఖ పెట్టి, గులాం యజ్దానీ చేతుల్లో ఉంచి, ఇటలీ నుంచి నిపుణులను రప్పించి ఆ గోడలను కాపాడే పనికి పూనుకున్న కాలం అది. గోదావరి కుర్రాడి గీతకు ప్రాణం పోసిన గోడలు మన పాత రాజ్యానివి.

బొంబాయి చదువు తర్వాత రామారావు గారు కలకత్తా వెళ్ళారు. అవనీంద్రనాథ్ ఠాగూర్, ఆయన శిష్యుల బెంగాల్ పద్ధతి అప్పుడు దేశమంతా ఏలుతోంది. అంతకు ముందే 1903లో జపాన్ నుంచి యొకొయామా తైకాన్, హిషిదా షున్‌సో కలకత్తా వచ్చి తమ తడి పూతలు చూపించి వెళ్ళారు. బెంగాల్ వాళ్ళ వాష్ పద్ధతికి అది ఊతమైంది. కాస్త దగ్గరగా వెళ్ళి ఈ పని చూద్దాం, ముందు వరుసలో కూర్చున్న డ్రాయింగ్ మాస్టార్లకు తెలిసిందే అయినా వెనక నిలబడ్డ పిల్లల కోసం.

కాగితాన్ని తడిపి, బల్లకు అంచులు అతికించి బిగిస్తారు. పలుచటి గీత వేస్తారు. గీత ఆరాక బాగా నీళ్ళు కలిపిన రంగు ఒక పూత. అది ఆరాక కాగితాన్ని నీళ్ళలో ముంచుతారు, లేదా పైనుంచి నీళ్ళు పారిస్తారు. పట్టులేని రంగు కొట్టుకుపోతుంది. కాగితం నూలులో దిగిపోయింది మాత్రం నిలుస్తుంది. మళ్ళీ పూత, మళ్ళీ స్నానం. మా రైతులు దుక్కి పదును చూసి విత్తనం వేసినట్టు, కాగితం పదును చూసి కుంచె దించాలి. ఎక్కువ తడిగా ఉంటే రంగు పరుగెత్తుతుంది, ఎక్కువ ఆరితే అంచు కట్టి మచ్చ నిలబడుతుంది. తెలుపు రంగు వేరే పూయరు. వెలుగంటే వదిలేసిన కాగితమే. తప్పు జరిగితే నూనె రంగుల్లో లాగా పైన ఇంకో పూత వేసి కప్పే వీలు లేదు. ఇలా పూత మీద పూత దిగితే బొమ్మకు ఒక రకమైన మసక వస్తుంది. వెలుగు ఎక్కడి నుంచి వస్తోందో చెప్పలేం, ఒంటి లోపలి నుంచి వస్తున్నట్టు ఉంటుంది.

మనసు కదిలే క్షణాన్ని చూపడానికి ఇంతకన్నా అనువైన సాధనం ఏముంది? కోపాన్ని గట్టి గీతతో గీయొచ్చు. యుద్ధాన్ని చిక్కటి నూనె రంగుతో గీయొచ్చు. ఒక మనిషికి తన మనసు మారిందని తనకే తెలియని ఘడియకు ఈ మసక కావాలి.

అయితే రామారావు గారు బెంగాల్ మసకలో మునిగిపోలేదు. అది నా అభిప్రాయం, గట్టిగానే చెబుతున్నాను. బెంగాల్ చిత్రాల్లో చాలావాటికి ఎముక ఉండదు. మనుషులు పొగలో తేలుతుంటారు. బొంబాయిలో మనిషి ఒంటిని ఎదురుగా నిలబెట్టుకుని గీయడం నేర్చిన చెయ్యి ఈయనది. అజంతా గీత కంట్లో ఉంది. అందుకే ఆయన మనుషులు పలుచటి రంగులో ఉన్నా నేల మీద నిలబడతారు, నడుము వంచితే బరువు కనిపిస్తుంది. ఆ మనుషులు తెలుగు వాళ్ళు. గోదావరి రేవుకు బిందెతో వచ్చిన ఆడవాళ్ళ నిలుపు, చీర కట్టు, తల తిప్పుకునే తీరు స్కెచ్చి పుస్తకాల్లోకి ఎక్కి, అక్కడి నుంచి పురాణంలోకి నడిచాయి. కార్తీక పౌర్ణమి, పుష్పాలంకారం, నంది పూజ లాంటి చిత్రాల్లో పురాణం పేరు లేదు గానీ, పురాణ స్త్రీలకు ఒళ్ళు ఎక్కడి నుంచి వచ్చిందో వాటిలో తెలుస్తుంది. లార్డ్ రీడింగ్ వైస్రాయిగా ఉండగా రామారావు గారి గోదావరి దృశ్య చిత్రాన్ని కొనుక్కున్నాడు. 1924లో లండన్ వెంబ్లీ ప్రదర్శన దాకా ఆయన చిత్రాలు వెళ్ళాయి.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. కొన్ని చిత్రాల్లో ఆడవాళ్ళ ముఖాలు ఒకే పోలికలో ఉంటాయి. అందం కోసం కష్టాన్ని తుడిచేసిన చోట్లున్నాయి. రేవులో నీళ్ళు మోసే మనిషి అలసట ఆయన రంగుల్లో కనిపించదు. ఇంకో పాతికేళ్ళు బతికి ఉంటే కనిపించేదని నా నమ్మకం. అలా నమ్మడానికి ఆయన చివరి ఏళ్ళ పెన్సిలు గీతల్లోని పదునే నాకు ఆధారం.

ఇప్పుడు కోదాడ వాళ్ళకు ఒక మాట. కోదాడకూ సూర్యాపేటకూ నడుమ మునగాల ఉంది. ఆ రోజుల్లో మునగాల పరగణా చుట్టూ నిజాం రాజ్యం, లోపల మాత్రం మద్రాసు ప్రభుత్వం కింద కృష్ణా జిల్లా. మునగాల రాజా నాయని వెంకట రంగారావు గారు, ఆయన దివాను కొమర్రాజు లక్ష్మణరావు గారు 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయం స్థాపనలో పాలుపంచుకున్నారు, 1906లో విజ్ఞాన చంద్రికా మండలి మొదలుపెట్టారు. ఆంధ్రుల చరిత్ర ఏమిటి, ఆంధ్రుల విజ్ఞానం ఏమిటి అని ఆ పుస్తకాలు అడిగాయి. ఆంధ్రుల గీత ఏమిటి అని రాజమండ్రిలో ఒక కుర్రాడు అడిగాడు. రెండూ ఒకే మేలుకొలుపులో భాగాలు. కొమర్రాజు వారు 1923లో పోయారు, రామారావు గారు 1925లో పోయారు. ఇద్దరి పనీ సగంలో ఆగింది.

పూర్తిగా ఆగలేదు. రామారావు గారు రాజమండ్రిలో మొదలుపెట్టిన చిత్రకళాశాలను ఆయన స్నేహితుడు వరదా వెంకటరత్నం గారు భుజాన వేసుకుని నడిపారు. భార్య సత్యవాణి గారు, సోదరి దిగుమర్తి బుచ్చికృష్ణమ్మ గారు కూడా కుంచె పట్టినవాళ్ళు. ఆడవాళ్ళు బొమ్మలేయడం ఎరగని కాలంలో ఒక ఇంట్లో ఇద్దరు. వాళ్ళ చిత్రాల మీద విడిగా ఒక ఉపన్యాసం పెట్టించండని నిర్వాహకులను కోరుతున్నాను.

బాపిరాజు గారు అదే చూపును నవలలోకి తీసుకెళ్ళారు. హిమబిందు, గోన గన్నారెడ్డి చదవండి. పేజీ తిప్పితే నీటిరంగు వాసన వస్తుంది. గోన గన్నారెడ్డి కాకతీయుల కథ, మన నేల కథ. ఆయన హైదరాబాదులో మీజాన్ పత్రిక సంపాదకుడిగా ఉన్న సంగతి కూడా మరవకూడదు. తర్వాత వడ్డాది పాపయ్య గారు. 1921లో శ్రీకాకుళంలో పుట్టి, డ్రాయింగ్ మాస్టారుగా బతికి, 1992లో పోయారు. వ.పా. అన్న ఆ రెండక్షరాల సంతకం ఈ సభలో సగం మందికి తెలుసు. కాళిదాసు నాయికలు, రాగాలు, ఋతువులు ఆయన రంగుల్లో చందమామ, యువ అట్టల మీద ఇంటింటికీ వచ్చాయి. గ్యాలరీ లేని ఊళ్ళకు పుస్తకాల కొట్టే గ్యాలరీ అయింది. కోదాడ బస్టాండులో తాడుకు వేలాడిన చందమామ అట్ట చూసి బొమ్మలు మొదలుపెట్టిన మాస్టార్లు ఇక్కడ ఉన్నారు. నేనూ ఆ బడిలో చదివినవాణ్ణే. తెలంగాణ వైపు నుంచి కొండపల్లి శేషగిరిరావు గారు. 1924లో మానుకోట ప్రాంతంలోని పెనుగొండలో పుట్టి, శాంతినికేతన్‌లో నందలాల్ బోస్ దగ్గర నేర్చుకుని వచ్చి, హైదరాబాదులో ఎందరికో గురువై, 2012లో కన్నుమూశారు. పురాణాలూ కాకతీయ శిల్పమూ ఆయనకు కన్నతల్లి ఇల్లు. రామారావు గారు పోవడానికి కొద్దికాలం ముందు పుట్టిన ఈయన ఆ దారిని మన వైపు తీసుకొచ్చారు.

ఆ దారిన గీయడానికి మనకు కథ కూడా దగ్గరే ఉంది. పిల్లలమర్రి పినవీరభద్రుడి ఇంటిపేరు మన పక్క ఊరిదే. కాళిదాసు నాటకాన్నీ భారత కథనూ కలిపి శృంగార శాకుంతలం రాసిన కవి. ఆ కావ్యంలో నీటిరంగుకు తగిన క్షణాలు ఎన్నో ఉన్నాయి. ఈ జిల్లా పిల్లలెవరైనా ఆ శకుంతలను గీస్తే చూడాలని నా కోరిక.

ఇక నేను అడగదలుచుకున్నవి అడిగి ముగిస్తాను. మొదటిది, పిల్లలమర్రి గుడిలో మిగిలిన రంగు గురించి. దీపాల పొగ, వాన చెమ్మ, మన చేతుల తడి ఆ రంగుకు శత్రువులు. గుడికి వెళ్ళినప్పుడు ఆ గోడ ముట్టుకోకండి, పిల్లల్ని ముట్టుకోనివ్వకండి. ఆ చిత్రాన్ని నిపుణుల చేత శుభ్రం చేయించి, నిలబెట్టి, మంచి వెలుగులో ఫొటోలు తీయించి భద్రపరచమని పురావస్తు శాఖకు ఈ సభ తరఫున అర్జీ పెడదాం. సంతకాల కాగితం గుమ్మం దగ్గర బల్ల మీద ఉంది.

రెండోది బడుల గురించి. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల్లో డ్రాయింగ్ మాస్టారు లేని హైస్కూళ్ళలో ఆ ఖాళీలు నింపమని అడగండి. రామారావుకు ఒక కూల్డ్రే దొరికాడు కాబట్టి మనకు రామారావు దొరికారు.

మూడోది తేలిక. రాజమండ్రిలో దామెర్ల రామారావు ఆర్ట్ గ్యాలరీ ఉంది, ఆయన అసలు చిత్రాలు అక్కడే ఉన్నాయి. కోదాడ నుంచి బస్సెక్కితే విజయవాడ మీదుగా ఒక్క పూటలో చేరొచ్చు. ఈ వేసవి సెలవుల్లో మీ పిల్లల్ని తీసుకెళ్ళండి. వెళ్ళే ముందు ఒక ఆదివారం ఫణిగిరి గుట్ట ఎక్కించండి.